బోణీ బేరం

మొదలుపెట్టే నాటికి పేరయ్య చేతిలో ఉన్నది ఒక కారు, దానికి కొత్తగా బిగించిన పసుపుపచ్చ నంబరు ప్లేటు, టాక్సీ నడుపుకోవచ్చని ఆర్టీయే ఆఫీసు ఇచ్చిన కాగితాలు, కిరాణా కొట్టు కౌంటరు వెనక కూర్చుని ఏళ్ళ తరబడి సానబెట్టుకున్న నోరు. మొదటి మూడింటి కోసం తిరిగి చెప్పులరగదీసుకున్నాడు. నోరు మాత్రం సొంత సరుకు.

ఇంటి బండిని టాక్సీ చేయడమంటే ప్లేటుకు రంగు మార్చడం అనుకున్నాడు ముందు. దిగాక తెలిసింది లోతు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, టాక్సీ ఇన్సూరెన్సు, పోలీసు వెరిఫికేషను, కళ్ళ పరీక్ష. బండికి నాలుగు పక్కలా ఫొటోలు. ఆఖర్న తన మొహం ఫొటో. అది బేరాలు పంపే కంపెనీ యాప్‌కి ఎంతకీ నచ్చలేదు. చివరికి కళ్ళజోడు తీసేసి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకు కూర్చుంటే ఒప్పుకుంది. ఒకసారి పసుపు ప్లేటు పడిందా, మళ్ళీ ఇంటి బండి చేసుకోవాలంటే ఆఫీసులన్నీ మళ్ళీ మొదటి నుంచీ తిరగాలి. తార్నాకలో తను ఎత్తేసిన కొట్టు షట్టరు మీద అప్పుడే ఎవరిదో మొబైల్ కవర్ల బోర్డు వేలాడుతోంది. తిరిగి ఇవ్వడానికి వీల్లేని సరుకు మీద పేరయ్య ఏనాడూ చెయ్యి వేసినవాడు కాదు. ఇప్పుడు వేశాడు.

హబ్సిగూడలోని కంపెనీ ఆఫీసులో బాబీ అనే కుర్రాడు కొత్త డ్రైవర్లకు క్లాసు చెప్పాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో చల్లటి కాఫీ.

"అంకుల్, క్యాష్ కావాలని కస్టమర్‌ని అడగొద్దు. ట్రిప్ క్యాన్సిల్ చెయ్యమని అస్సలు అనొద్దు. పర్సనల్ కొశ్చన్స్ అయితే జీరో."

"పర్సనల్ అంటే?"

"ఏ ఊరు, పెళ్ళయిందా, మీ డాడీ ఏం చేస్తడు... గట్లాంటివి."

పేరయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు. ఆ మూడూ అడక్కుండా తన కొట్లో ఉప్పు పొట్లం కూడా అమ్మలేదు. మనిషి ఎవరో తెలిస్తేనే అరువు ఎంత దాకా పోవచ్చో తెలుస్తుంది. ఈ పిల్లాడికి వ్యాపారం ఏం తెలుసు?

మొదటిరోజు పొద్దున భార్య సుబ్బలక్ష్మి బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. కొట్లోంచి తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, గల్లా డబ్బా. సాంబ్రాణి మసి పట్టిన రేకు డబ్బా. దాన్ని గేరు పక్కన పెట్టుకున్నాడు.

"బోణీ మంచి చెయ్యి పడాలి," అంది సుబ్బలక్ష్మి.

ఆ మాట ఆయనకు చెప్పనక్కర్లేదు. కొట్లో బోణీ ఏనాడూ అరువు పెట్టలేదు. ఫోన్లో డబ్బులు కొట్టే రోజులొచ్చాక కూడా, స్కాన్ చేసే బోర్డును పొద్దున్నే గోడవైపు తిప్పి ఉంచేవాడు. నోటు చేతిలో పడి, కళ్ళకద్దుకుని, గల్లాలో వేశాకే దాన్ని ఇటు తిప్పేవాడు.

మొదటి పిలుపు మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చింది. గేటు దగ్గర ఒకమ్మాయి అట్టపెట్టె పక్కన నిలబడి ఉంది. ముప్ఫైకి దగ్గర్లో వయసు, నూలు చీర, మెడలో చిన్న వెండి శిలువ. యాప్‌లో పేరు రజిని అని పడింది. శిలువను పేరయ్య చూశాడు. చూసి, శిలువ వేసుకునేవాళ్ళలో అన్ని రకాలవాళ్ళూ ఉంటారులే అనుకున్నాడు.

"అంకుల్, డిక్కీ జర తెరుస్తరా? బరువున్నది."

"ఏముందమ్మా ఇందులో, ఇటుకలా?"

"థీసిస్ కాపీలు. ఇన్నేండ్లు కాల్చిన ఇటుకలే అనుకోండి." ఆమె నవ్వింది. "బాటనీ. పొలం గట్ల మీద మొలిచే ఆకుకూరల మీద చేసిన. ఇయ్యాల యూనివర్సిటీల ఇచ్చేస్తున్న."

మెట్రో పిల్లర్ల కింద బండి తార్నాక వైపు సాగింది. పేరయ్య అద్దంలోంచి చూశాడు. మొహం కళకళలాడుతోంది. మంచి చెయ్యే, అనుకున్నాడు.

"అమ్మా, ఒక్క మాట. నేనివాళే బండి మొదలుపెట్టాను. నువ్వే నా మొదటి బేరం."

"అవునా? నేనే ఫస్టా?"

"అడక్కూడదనుకో. బోణీ కదా, క్యాషయితే... ఫోన్లో డబ్బు కంటికి కనబడదు."

"తెల్సంకుల్. మా అమ్మ మెట్టుగూడల ఆకుకూరలు అమ్ముతది. బోణీ గాకముందు ఫోన్‌ల కొడ్తనంటే కట్ట ముట్టుకోనియ్యది." ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని వెతికింది. "బైండింగ్ షాపాయన కొత్త నోట్లిచ్చిండు. మడత కూడ పడలే. మీకోసమే ఉంచుత."

చెప్పినట్టే ఒక నోటు బయటికి తీసి, థీసిస్ సారాంశం పుస్తకం మీద పరిచి, అరచేత్తో నిమిరింది. పేరయ్యకు ఉత్సాహం వచ్చింది. ఉత్సాహం వస్తే ఆయన నోరు ఆగదు.

"అమ్మగారు ఆకుకూరలమ్ముతారు. మరి నాన్నగారు?"

"రైల్వేల. ట్రాక్ పని."

"సొంతూరు?"

"జనగామ దిక్కు."

"ఇంటిపేరేమిటమ్మా?"

తార్నాక సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఆమె అద్దంలోకి, ఆయన కళ్ళలోకి చూసింది.

"ఇంటిపేరు చెప్తే మీకేం తెల్వది అంకుల్. అడగాలనుకున్నది అడగండి."

"అబ్బే, ఊరికే. మాటవరసకి."

"మేం మాదిగోళ్ళం."

ఏ డిపార్ట్‌మెంటని అడిగితే చెప్పినట్టే చెప్పింది. సిగ్నల్ పచ్చబడింది. ముందు ఎవరూ లేకపోయినా పేరయ్య హారన్ కొట్టాడు.

"మంచిదమ్మా. చదువుకున్నావు. మంచిది," అన్నాడు. తర్వాత క్యాంపస్ గేటు దాటేదాకా అద్దంలోకి మళ్ళీ చూడలేదు. ఆమె నోటును రెండు వేళ్ళతో పట్టుకునే ఉంది.

పరీక్షల విభాగం ముందు దిగాక పెట్టెను తనే డిక్కీలోంచి ఎత్తి, దుమ్ము లేని చోటు చూసి మెట్టు మీద పెట్టాడు. దాన్ని మనసులో తన మంచితనం కింద జమ వేసుకున్నాడు. ఆమె నోటు చాచింది.

"ఫోన్లోనే కొట్టెయ్యమ్మా. పర్లేదు."

"బోణీ అన్నరు కదా."

"చిల్లర గొడవెందుకులే."

"సరిపోను ఇస్తున్న."

"కంపెనీవాళ్ళు క్యాష్ అడగొద్దన్నారు. నేనే మర్చిపోయాను. కొట్టెయ్యి, కొట్టెయ్యి."

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ నోటు మధ్యకు మడత పడింది. ఫోన్ టింగుమంది. ఆమె పెట్టె ఎత్తుకుని మెట్లెక్కింది. బరువుకు భుజం ఒక పక్కకు ఒరిగింది.

పేరయ్య స్టీరింగు ముందు కూర్చుని లెక్క చూసుకున్నాడు. రావలసింది వచ్చింది. ఎవరికీ నష్టం లేదు. పల్లెత్తు మాట అనలేదు. బోణీ మాత్రం ఇంకా కాలేదు.

తార్నాకలో పట్టంచు పంచె కట్టిన పెద్దమనిషి ఎక్కాడు. ఏసీ చాలలేదని సణిగాడు, అడ్డదారిలో ఎందుకు తిప్పుతున్నావని కసిరాడు, దిగేటప్పుడు చెమటకు తడిసిన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, చిల్లర కొంచెం తగ్గించి సీటు మీద పడేశాడు. పేరయ్య ఆయన్ని ఏ ఊరని అడగలేదు. అడగాల్సిన అవసరం కనబడలేదు. ఆ నోట్లనే ఏరి, కళ్ళకద్దుకుని, గల్లాలో వేశాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఫోన్ తెర ఎర్రబడింది. 'ప్రయాణికురాలి ఫిర్యాదుపై మీ ఖాతా నిలిపివేయబడింది' అని కనబడింది. ఎక్కడ నొక్కినా అదే.

తార్నాక మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గర డ్రైవర్లు చేరతారు. అందులో పరశురాం సీనియరు. పేరయ్య వ్యాపారం చేసి వచ్చాడని తెలిసిన రోజు నుంచీ సేటనే పిలుస్తాడు.

"ఏంది సేటూ, దుకాణానికి తాళం పడ్డదా?"

పేరయ్య ఫోన్ చూపించాడు.

"ప్రయాణికురాలంట. ఏమన్న మోటుమాట అన్నవా?"

"నా వయసేంటి, నువ్వు మాట్లాడేదేంటి?"

"వయసున్నోళ్ళే అంటరు. క్యాష్ అడిగినవా?"

"ఒక్కమ్మాయినే అడిగాను. మళ్ళీ నేనే వద్దన్నాను."

"వద్దన్నవా?" పరశురాం టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు. "ఇస్తానంటే వద్దన్న డ్రైవర్ని ఇప్పుడే చూస్తున్న. నీకు బొమ్మ పెట్టియ్యాలె గీడ."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పేరయ్యకు ఒళ్ళు మండింది. క్యాష్ అడిగినందుకు ఆ పిల్ల కక్ష తీర్చుకుందన్నమాట. అడిగి కూడా వదిలేసినవాడి మీద. పెట్టె మోసినవాడి మీద.

ఆఫీసులో బాబీ కంప్యూటర్ తెరను తనవైపే తిప్పుకుని చూశాడు.

"బిహేవియర్ అని ఉన్నదంకుల్."

"ఏం రాసిందో చదువు."

"చూపియ్యొద్దు. రూల్. కస్టమర్ తనంతట తనే కంప్లైంట్ క్లోజ్ చేస్తే ఐడీ ఓపెన్ అయితది. సోమవారం లోపల కాకపోతే పర్మనెంట్ బ్లాక్."

"ఐడీ లేకపోతే ఈ పసుపు ప్లేటు నేనేం చేసుకోను బాబూ? గోడకు తగిలించుకోనా?"

"క్లాస్‌ల చెప్పిన కద అంకుల్," అన్నాడు బాబీ, వెనకున్న మనిషిని ముందుకు రమ్మని సైగ చేస్తూ.

సాయంత్రం సుబ్బలక్ష్మి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సంగతి విని, చేతిలో కాయ విరవకుండా అడిగింది.

"ఏమన్నారు ఆ పిల్లని?"

"ఏమీ అనలేదు. ప్రతి మాటా గుర్తుంది నాకు. ఒక్కటీ తప్పు మాట లేదు."

"ఇంటిపేరు అడిగారా?"

పేరయ్య చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పంపు చాలాసేపు పారుతూనే ఉంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యాంపస్‌కి వెళ్ళాడు. బాకీ వసూలుకు వెళ్ళేటప్పుడు వేసుకునే చొక్కా అది. బాటనీ ఎక్కడని అడుగుతూ వెళితే ఒక వాచ్‌మన్ చెట్ల వెనక భవనం చూపించాడు. మెట్ల మీద ఇద్దరమ్మాయిలు కూర్చుని ఒకే డబ్బాలోంచి పులిహోర తింటున్నారు. ఒకామె రజిని. మీదున్న మెట్టు మీద, కళ్ళజోడు పెట్టుకున్నామె ముందు ఆయన్ని గమనించింది.

"ఎవరు కావాలె?"

రజిని తలెత్తింది. గుర్తుపట్టి, వేళ్ళు కాగితానికి తుడుచుకుంది.

"ఈయనేనే అలేఖ్యా. నేను చెప్పినాయన." ఆయన వైపు తిరిగింది. "గీడికెట్ల వచ్చిన్రు?"

"నువ్వే చెప్పావు కదమ్మా, బాటనీ అని."

"బండ్ల చెప్పిన మాట పట్టుకొని డిపార్ట్‌మెంట్ దాక వచ్చిన్రా?"

"రాక ఏం చెయ్యను? నా ఐడీ ఆగిపోయింది. సోమవారానికి శాశ్వతంగా పోతుందట. కొట్టు ఎత్తేసి, ఉన్నదంతా ఈ బండి మీద పెట్టాను." దార్లో కూర్చుకున్న వాదన బయటికి తీశాడు. "నువ్వన్యాయం చేశావు. క్యాష్ అడిగాను, నిజమే. తీసుకున్నానా? నువ్వు చెయ్యి చాచి ఇస్తున్నా వద్దన్నాను. పెట్టె ఎత్తి మెట్టు మీద పెట్టాను. నీ వల్ల నాకొక్క పైసా ఎక్కువ రాలేదు. మరి దేనికి రాశావు?"

"అందుకే రాసిన."

"అందుకే అంటే?"

"వద్దన్నందుకు."

ఆయన నోరు తెరిచే ఉంది. అందులో అప్పటిదాకా సిద్ధంగా ఉన్న మాటలు ఒక్కసారిగా పనికిరాని సరుకైపోయాయి. కోర్టులో తనవైపు సాక్ష్యంగా తెచ్చుకున్నది అవతలివాళ్ళ చేతికి తనే అందించినట్టయింది.

"నేను రాసింది అబద్ధమైతే ఇప్పుడే తీసేస్త," అంది రజిని. గొంతు పెంచలేదు. "నోటు ఎందుకు వద్దన్నరు?"

"చిల్లర..."

"సరిపోను ఇచ్చిన."

"కంపెనీ రూలు..."

"రూలు మెట్టుగూడల ఎందుకు గుర్తుకురాలే? తార్నాక సిగ్నల్ దాటినంకనే గుర్తొచ్చిందా?"

అలేఖ్య డబ్బా మూత పెట్టింది. "గీయనతోని మాటలేందే రజినీ. ఫిర్యాదు ఇచ్చిన ఆడపిల్లను వెతుక్కుంటొచ్చిండు. పోలీస్ స్టేషన్ల కేసు పెడితే యాప్ కాదు, బెయిల్ కోసం తిరుగుతడు." ఫోన్ ఎత్తి వీడియో పెట్టింది. రజిని చెయ్యి చాపి ఆ ఫోన్‌ను కిందికి దించింది.

"వద్దు. ఇయ్యన్ని పెద్ద పనులు. నాకు జవాబొస్తే చాలు."

పేరయ్య బేరంలోకి దిగాడు. అది ఆయన చేతనైన పని.

"పోనీ, ఇప్పుడియ్యమ్మా. ఆ నోటే ఇయ్యి. మీ ఇద్దరి ఎదురుగా కళ్ళకద్దుకుంటాను."

అలేఖ్య ఫక్కున నవ్వింది. రజిని నవ్వలేదు.

"ఇప్పుడేం బోణీ అంకుల్? దుకాణం బందున్నది కదా."

ఎండ మెట్ల అంచు దాటి ఆయన చెప్పుల మీదికి వచ్చింది. ఎవరూ కూర్చోమనలేదు.

"ఆ నోటు మా అమ్మకిచ్చిన," అంది రజిని. "థీసిస్ ఇచ్చొచ్చిన, తెల్లారి బోణీ నాదే అన్న. మా అమ్మ కండ్లకద్దుకొని డబ్బాల ఏసుకున్నది. రోజూ గట్లనే ఏసుకుంటది. ఎవరిచ్చినా. మీసొంటోళ్ళిచ్చినా." ఆమె లేచి నిలబడింది. మెట్టు మీద ఉండడంతో కళ్ళు ఆయన కళ్ళకన్న ఎత్తుగా ఉన్నాయి. "ఆ రోజు మస్తు మాట్లాడిన్రు కదా. మా నాయన, మా ఊరు, మా ఇంటిపేరు. ఆఖరి మాట ఒక్కటి మింగిన్రు. అది మీ నోటితోని చెప్పండి. చెప్తే తీసేస్త. మాటంటే మాటే."

పేరయ్య లెక్క వేశాడు. ఒక పక్క కారు, ప్లేటు, లైసెన్సు, ఇల్లు గడవడం. ఇంకో పక్క ఒక వాక్యం. మాటలకు పెట్టుబడి అక్కర్లేదని సుబ్బలక్ష్మికి ఎన్నిసార్లు చెప్పాడో. ఇంతకన్న చౌకబేరం జన్మలో తగల్లేదు. ధర చెప్పినట్టు చెప్పేసి పోవచ్చు.

నోరు తెరిచాడు. వాక్యం చిన్నదే. పైకి రాలేదు. మళ్ళీ తెరిచాడు. వాచ్‌మన్ ఇటే చూస్తున్నాడు.

"మీరు..." అన్నాడు. ఆమెను మీరనడం అదే మొదలు. "మీ కులం చెప్పాక... బోణీ మీ చేత్తో వద్దనుకున్నాను."

బయటికి వచ్చాక అది తన గొంతులా లేదు. ఎవరైనా తిట్టినా బాగుండేది.

రజిని ఫోన్ తీసి, వేలితో అక్కడా ఇక్కడా నొక్కి, ఏదో టైపు చేసింది. తెర ఆయనకు చూపించలేదు.

"అయిపోయింది. పొండి."

"చాలా థాంక్సమ్మా..."

"థాంక్స్ వద్దు. మాటిచ్చిన గనక తీసేసిన. మీ మొఖం చూసి కాదు." ఆమె కూర్చుని డబ్బా మూత తీసింది. చేతిలో ముద్ద పట్టుకుందేగాని తినలేదు.

"ఇంకోపారి గీ దిక్కు కనబడితే సెక్యూరిటీకి చెప్తం," అంది అలేఖ్య.

రెండో రోజుకు తెర పచ్చబడింది. సుబ్బలక్ష్మి వాడిపోయిన నిమ్మకాయ తీసేసి కొత్తది కట్టింది. ఎలా తెరుచుకుందని అడగలేదు.

అడిక్‌మెట్ నుంచి మొదటి పిలుపు. బట్టతల మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచీ. ముందు సీట్లో కూర్చుని గల్లా డబ్బా చూశాడు.

"ఏంది, హుండీయా?"

"ఆఁ" అన్నాడు పేరయ్య.

ఏ ఊరండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాడు. ముషీరాబాద్‌లో దిగుతూ ఆ మనిషి అడక్కుండానే నోటు చేతిలో పెట్టాడు. "పొద్దుగాల కదా, బోణీ చేస్కో అన్నా," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నోటు కళ్ళ దగ్గరి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆ మనిషి ఎవరో తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి. అడక్కుండా అద్దుకుందామంటే, మరి మొన్న ఎందుకు అద్దుకోలేదన్న ప్రశ్న మెట్టు మీద నిలబడి చూస్తోంది. కొట్లో ఇన్నేళ్ళూ అద్దుకున్న నోట్లు తన చేతికి రాకముందు ఎన్ని చేతులు మారాయో కూడా అప్పుడే తోచింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. నోటును అలాగే డబ్బాలో పడేసి బండి కదిలించాడు.

రోజులు గడిచాయి. పరశురాం టీ బండి దగ్గర ఆయన ఫోన్ లాక్కుని చూశాడు.

"అబ్బ, సేటూ. మొత్తం ఐదు చుక్కలే. ఏం రాసిన్రో చూడుండ్రి. 'మంచి డ్రైవరు. ఒక్క మాట మాట్లాడడు.' ఏం మందేసినవ్ నోటికి?"

అందరూ నవ్వారు. పేరయ్య గ్లాసు అడుగున మిగిలిన టీని పారబోసి బండెక్కాడు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. మొదలుపెట్టేటప్పుడు ఉన్నవాటిలో కారు ఉంది, పసుపు ప్లేటు ఉంది, కాగితాలున్నాయి. కొత్తగా వచ్చినవి ఐదు చుక్కలు. ఖర్చయింది నోరు. డబ్బా రోజూ నిండుతోంది. పట్టంచు పంచె ఆయన నోట్లను కళ్ళకద్దుకున్నది ఇప్పుడు బోణీ అనిపించడం లేదు. బండి రోడ్డెక్కి ఇన్నాళ్ళయినా, పేరయ్య లెక్కలో బోణీ మాత్రం ఇంకా కాలేదు.